నిండని గుంత

మా సీమలో కొత్తగా ఇల్లు కట్టినవారిని గానీ, పాత ఇంటిమీద అంతస్తు లేపినవారిని గానీ ఒకసారి పలకరించి చూడండి. తలుపుల టేకు గురించి ఒక మాట, ముందువైపు ఎలివేషను గురించి రెండు మాటలు, బేల్దారి చేసిన మోసాల గురించి పది మాటలు చెప్పిన తరువాత, ఏదో కులదైవం కటాక్షాన్ని తలచుకుంటున్నట్టు గొంతు తగ్గించి ఈ ముక్క తప్పక చెబుతారు: "మా గుంత ఇంతవరకూ ఒక్కసారి గూడా నిండలేదబ్బా!"

గుంత అంటే మరుగుదొడ్డి గుంత. అది నిండకపోవడం ఇంటి అదృష్టానికి, తవ్వినవాడి హస్తవాసికి, స్థలం మంచితనానికి గుర్తు. పెళ్ళిసంబంధాల వేళ కూడా ఈ ప్రస్తావన రాగా విన్నవాణ్ణి నేను. మా నాయన 1988లో తవ్వించిన గుంత గురించి ముప్పయ్యేళ్ళకు పైగా ఇదే గొప్ప చెప్పుకున్నవాణ్ణి కూడా. ఆ గొప్పను వెనక్కు తీసుకోవడానికే ఈ టపా. ఇంకా స్పష్టంగా చెప్పాలంటే, నాపరాతి నేలమీద నిండని గుంత అదృష్టం కాదు, అపరాధమని వాదించడానికి.

మా ఊరు కొలిమిగుండ్లకు ఆమడ దూరంలో ఉంది. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్ళిందిగానీ, నేల మాత్రం మారలేదు. గునపం రెండడుగులు దిగితే చాలు, బండ ఖంగుమంటుంది. బేతంచెర్ల నుంచి జమ్మలమడుగు దాకా పలకలు పలకలుగా లేచివచ్చే ఈ బండనే ఇళ్ళకు పరుచుకుంటాము, తొట్లకు నిలబెడతాము, పొలాలకు కంచెగా నాటుతాము. నల్లనివాటికి కడప బండలని దేశమంతటా పేరు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలాశ్రేణుల గురించి 1872లోనే ఒక బృహద్గ్రంథం వెలువరించాడు. ఇందులో మనకు కావలసిన ముక్క ఒక్కటే: మన నాపరాయి సున్నపురాయి జాతిది. సున్నపురాయి నీటికి కరుగుతుంది. నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు దాని పగుళ్ళలోకి దిగి, యుగాల తరబడి కరిగించి, సందును గొట్టంగానూ, గొట్టాన్ని సొరంగంగానూ మారుస్తుంది.

ఇది పుస్తకంలో చదివి నమ్మవలసిన విషయం కాదు. బెలుం గుహలకు వెళ్ళి చూడవచ్చు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ప్రస్తావించిన ఆ బిలాన్ని, 1982-83లో డేనియల్ గెబౌర్ నాయకత్వాన జర్మన్ అన్వేషకులు కొలిచారు. మూడు కిలోమీటర్లకు పైబడిన పొడవు. దాని అడుగున పాతాళగంగ అనే చిన్న పాయ పారుతూ వచ్చి బండలోకి మాయమవుతుంది. అది రెండు కిలోమీటర్ల అవతల బెలుం ఊరిబావిలో తేలుతుందని స్థానికుల నమ్మకం. నమ్మకం నిజమో కాదో అలా ఉంచండి. నన్ను ఆశ్చర్యపరిచేది వేరొకటి. రాతి లోపల నీళ్ళు రెండు కిలోమీటర్లు ప్రయాణించి బావిలో తేలుతాయని భక్తితో చెప్పే మనిషే, తన గుంతలోని నీళ్ళు ఏడడుగుల అవతలి బోరులో తేలవని ధీమాగా చెబుతాడు. గంగకు తెలిసిన దారి మురుగుకు తెలియదా?

ఇక నా కథ. 2019లో తమ్ముడి సంసారం కోసం మా ఇంటిమీద అంతస్తు వేశాము. అప్పటిదాకా కింద నలుగురం. పైన రెండు స్నానాల గదులు, రెండు ఫ్లష్షులు, మరో ఐదుగురు మనుషులు కొత్తగా చేరారు. మెట్లకు ఏ గ్రానైటు వేయాలన్న విషయంపై మా ఇంట్లో పదిరోజులు సభ నడిచింది. పైనుంచి వచ్చే మురుగు ఎక్కడికి పోవాలన్న విషయంపై పది నిమిషాలైనా నడవలేదు. "పాత గుంత ఉంది గదన్నా, అది నిండేది గాదు, దాంట్లోకే కలిపేద్దాం" అన్నాడు బేల్దారి. కలిపేశాము. అంతవరకు జాలాడి నుంచి అరటిచెట్టుకు పోయే స్నానాల నీటిని కూడా, ఒకే పైపైతే చూడటానికి శుభ్రంగా ఉంటుందని, ఆ గుంతలోకే మళ్ళించాము.

ఆ ఏడు వానలు పడ్డాక మా పడమటింటి అత్త ప్రహరీ మీదుగా పిలిచింది.

"ఏం అల్లుడా, మా బోరు నీళ్ళు యాలనో నీచు వాసనొస్తాండాయి. మీయి బాగుండాయా?"

"మాయి బాగుండాయి అత్తా. పైపు పాతదైందేమో, మార్పించు" అన్నాను. చదువుకున్నవాడి సలహా అది.

ఆ చలికాలంలో ఆమె మనుమరాలికి పచ్చకామెర్లు వచ్చాయి. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల. నెలన్నర మంచం పట్టి ఆ ఏటి పరీక్షలు పోగొట్టుకుంది. అది మా గుంతవల్లనే వచ్చిందని నిరూపించలేను. కాలేజీ దగ్గర పానీపూరీ వల్లనూ వచ్చి ఉండవచ్చు. కానీ ఆరోజు రాత్రి టేపు తీసుకుని వెళ్ళి కొలిచాను. మా గుంత మూతకూ, ఆమె బోరుకూ మధ్య దూరం ఏడడుగులు. మధ్యలో ఉన్నది తొమ్మిదంగుళాల ప్రహరీ గోడ. ఆ గోడ దొంగలను ఆపుతుంది.

ఏడడుగులే ఎందుకు ఉంది? ఇక్కడే అసలు తమాషా ఉంది, దయచేసి జాగ్రత్తగా చదవండి. మా వీధి తూర్పు పడమరలుగా సాగుతుంది. ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, వాకిళ్ళు ఉత్తరానికి. వాస్తు ప్రకారం బోరు ఈశాన్యంలో ఉండాలి, మరుగుదొడ్డి గుంత వాయవ్యంలో ఉండాలి. మా వీధిలో ఒక్క ఇల్లు కూడా ఈ నియమం తప్పలేదు. ఇప్పుడు కాగితం మీద రెండు ఇళ్ళను పక్కపక్కన గీసి చూడండి. పడమటింటి ఈశాన్యం ఎక్కడుంది? సరిగ్గా తూర్పింటి వాయవ్యాన్ని ఆనుకుని! అంటే వీధి పొడుగునా ప్రతి ఇంటి బోరు పక్కనా తూర్పింటివారి గుంత ఉన్నది. నా గుంత అత్త బోరులోకి, నా తూర్పింటివారి గుంత నా బోరులోకి. ఒక్కొక్క ఇంటి వాస్తు నిర్దుష్టం, వీధి వాస్తు మాత్రం విషం. శాస్త్రం పుట్టిన కాలానికి ఈ గుంతలూ లేవు, ముప్పైమూడడుగుల స్థలాలూ లేవు. కనుక పెద్దలను నేను తప్పుపట్టడం లేదు. ఇంటి నాలుగు గోడల లోపల మాత్రమే దిక్కులు చూసి, గోడ అవతలివాడికి కూడా దిక్కులుంటాయని మరచిన మనబోటివాళ్ళను తప్పుపడుతున్నాను.

ఇక నియమాల సంగతి. సెప్టిక్ ట్యాంకులకు సంబంధించిన ఐ.ఎస్. 2470 ప్రమాణం ఉంది, జాతీయ భవన నిర్మాణ నియమావళి ఉంది. మురుగునీరు నేలలోకి ఇంకించే గుంత తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలంటాయవి. దాదాపు అరవై అడుగులు. అంతటితో ఆగక, సున్నపురాయిలోనూ పగుళ్ళున్న రాతిలోనూ ఈ ఇంకుడు పద్ధతి అసలు తగదని, కాలుష్యం ఆ సందుల వెంట చాలాదూరం పోవచ్చునని హెచ్చరిస్తాయి. అంటే మా ఊళ్ళో అరవై అడుగులు కూడా చాలవన్నమాట. మా స్థలం వెడల్పే ముప్పైమూడు. 2020 డిసెంబరులో రాష్ట్రంలో పేదలకు పంచిన ఇళ్ళస్థలాలు పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. సెంటు అంటే 435 చదరపుటడుగులు. అంత స్థలంలో బోరు వేసి, గుంత తవ్వి, మధ్యన అరవై అడుగులు వదలమంటే ఆ మనిషి ఆకాశంలో కొలుచుకోవాలి.

ఈ మాటలు మా వీధి అరుగుమీద చెప్పినప్పుడు నాలుగు అభ్యంతరాలు వచ్చాయి. మీ ఊళ్ళోనూ అవే వస్తాయి కనుక ఒక్కొక్కదానికి సమాధానం చెబుతాను.

ఒకటి: "నేల వడగడుతుంది గదా?" మట్టి వడగడుతుంది, నిజమే. తడిసీ తడవని మట్టి పొర తగినంత మందంగా ఉంటే క్రిములను చాలావరకు పట్టి ఆపుతుంది. కృష్ణా డెల్టావాడు ఈ మాట అంటే కొంతవరకు వింటాను. మనకున్న మట్టి రెండడుగులు. గుంత లోతు ఎనిమిదడుగులు. అంటే తవ్వేటప్పుడే జల్లెడను చించి పారవేసి, దాని కిందనున్న గొట్టంలో పోస్తున్నాము. బండ పగులు వడగట్టదు, చేరవేస్తుంది.

రెండు: "బోరు నాలుగువందల అడుగులు, గుంత ఎనిమిదడుగులు. ఆ నీళ్ళు వేరు, ఈ నీళ్ళు వేరు." ఇది వినడానికి గట్టిగా ఉంటుందిగానీ, బోరు వేసేటప్పుడు పక్కన నిలబడి చూసినవాడెవడూ అనకూడని మాట. కేసింగు పైపు గట్టిబండ తగిలేదాకానే దించుతారు. మా వైపు అది ఇరవై అడుగులైతే గొప్ప. దాని కింద అంతా ఒట్టి రంధ్రం. కేసింగుకూ నేలకూ మధ్యనున్న సందులో సిమెంటు పోసి మూయించినవారిని మా వీధిలో నేను చూడలేదు. పైపొరల పగుళ్ళలో పారే మురుగుకు ఆ రంధ్రం నిట్టనిలువు బావి. మనమే నాలుగువందల అడుగుల నిచ్చెన వేసి దాన్ని పాతాళానికి దించాము.

మూడు: "నీళ్ళు తేటగా ఉండాయి." మహానంది కోనేరూ తేటగానే ఉంటుంది, విషమూ తేటగానే ఉండవచ్చు. కామెర్ల వైరసుకు రంగు లేదు. గుంతలనుంచి చేరే నైట్రేటుకు రంగూ వాసనా రుచీ లేవు. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావని మన ప్రమాణం, పసిబిడ్డలకు మరింత ప్రమాదం. పైగా కాచినంతమాత్రాన నైట్రేటు పోదు, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది.

నాలుగు: "ఆర్వో పెట్టించుకుంటాం." పెట్టించుకోండి. తాగే బిందెడు నీళ్ళు బాగుపడతాయి. కూరగాయలు కడిగేది, పళ్ళు తోమేది, పసిపిల్లకు నీళ్ళు పోసేది ఏ నీళ్ళతో? ఆర్వో వదిలే వృథా నీళ్ళు మళ్ళీ ఏ గుంతలోకి? పక్కింటివాడి దగ్గర ఆర్వో కొనే డబ్బు లేకపోతే మన గుంత చేసిన పనికి వాడు మూల్యం చెల్లించాలా?

ఇది మన పల్లెలకు మాత్రమే పట్టిన జాడ్యమని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కరలేదు. 1854లో లండనులోని బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు నీళ్ళు తాగి వందలమంది కలరాతో చచ్చిపోయారు. డాక్టర్ జాన్ స్నో ఆ పంపును వేలెత్తి చూపాడు. తరువాత తవ్వి చూస్తే ఒక ఇంటి మరుగుగుంత ఇటుకలు శిథిలమై, దాని మురుగు బావిలోకి ఊరుతున్నదని తేలింది. గుంతకూ బావికీ మధ్య దూరం సుమారు మూడడుగులు. ఆ ఇంట్లో జబ్బుచేసిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ళు ఆ గుంతలోనే పోశారు. పోనీ, అది పాతకాలం అంటారా? 2000 మే నెలలో కెనడాలోని వాకర్‌టన్ అనే చిన్న పట్టణంలో, పశువుల ఎరువు వేసిన పొలంలోని క్రిములు వానతో పగుళ్ళబండలోకి దిగి ఊరి బోరులో కలిశాయి. ఏడుగురు చనిపోయారు, రెండువేల మూడువందలమందికి పైగా జబ్బుపడ్డారు. క్లోరిను సరిగ్గా కలపనివారి నేరం అందులో ఎంతో ఉంది. కానీ క్రిములకు దారి ఇచ్చింది పగుళ్ళున్న సున్నపురాయి.

ఇలా అంటున్నానని, మరుగుదొడ్లే వద్దంటున్నాడు, పాతకాలమే మంచిదంటున్నాడు అని ఎవరైనా అపార్థం చేసుకుంటే నాకు బాధ. మా పాత మిద్దెల్లో బావి ఒకచోట, దొడ్డికి పోవడం ఊరవతల మరొకచోట. ఆ దూరాన్ని కాపాడినది శాస్త్రం కాదు, మా అమ్మ కాళ్ళు. తెల్లవారకముందు, చీకటి పడ్డాక, తేళ్ళ మధ్య, వానలో, జ్వరంలో ఆమె నడిచిన నడక అది. నాయన 1988లో గుంత తవ్వించినరోజున ఆమె మొక్కు తీర్చుకుంది. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత్ పన్నెండువేల రూపాయల సాయంతో ఎన్నో ఇళ్ళ ఆడవాళ్ళకు ఆ నడక తప్పించింది. అది మంచిపని. కానీ మట్టినేలకు సరిపోయే ఇంకుడు గుంతల నమూనాను బండనేలకు కూడా యథాతథంగా దించడం మంచిపని కాదు. ఫోటో తీయడానికి గది కనబడుతుంది, గుంత అడుగు కనబడదు.

మఱి ఏం చేయాలి? విమర్శించి వదిలేయడం నాకు ఇష్టముండదు. మేము చేసినదీ, చేయవలసి ఉండగా చేయలేకపోయినదీ రెండూ చెబుతాను.

మొదట పాత గుంతను ట్యాంకరుతో తోడించి మూత తెరిచాము. లోపలికి మనిషిని దించలేదు. దించడం 2013 చట్టం ప్రకారం నేరం, చట్టం లేకపోయినా పాపం. పైనుంచి టార్చి వేసి చూస్తే, రింగుల కింద బండపొరల మధ్య చేయి దూరేటంత సందు. ముప్పయ్యేళ్ళ మా అదృష్టం ఆ సందులోంచే పోయింది. బడినుంచి తెచ్చిన పరీక్ష సీసాల్లో మా బోరు నీళ్ళూ, అత్త బోరు నీళ్ళూ పోసి ఉంచితే రెండూ మరునాటికి నల్లబడ్డాయి. మురుగు క్రిములున్నాయని దాని అర్థం.

ఆ గుంతను రాళ్ళూ మట్టీ సిమెంటూ వేసి పూడ్చాము. దాని స్థానంలో, బోర్లకు వీలైనంత దూరంగా, నిజమైన సెప్టిక్ ట్యాంకు కట్టించాము. నిజమైన అని ఎందుకంటున్నానంటే, అడుగులేని గుంతను కూడా మా వైపు సెప్టిక్ ట్యాంకనే పిలుస్తారు. అడుగున కాంక్రీటు, లోపల నునుపుగా పూత, రెండు అరలు, వచ్చే పైపుకూ పోయే పైపుకూ టీ ముక్కలు, గాలిగొట్టం, ట్యాంకరు పైపు దూరేటంత మూత. ఐదుగురికైతే అయిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల నీటిలోతు చాలు. మేము తొమ్మిదిమందికి పెంచుకున్నాము. కట్టిన తరువాత నిండా మంచినీళ్ళు పోసి, ఒక రోజంతా ఉంచి, మట్టం గీతపెట్టి చూశాము. తగ్గితే కారుతున్నట్టు. ఈ ఒక్క పరీక్షకు బేల్దారులు ఎందుకు అంత చిరాకు పడతారో మీరే ఊహించుకోండి. గదుల నుంచి వచ్చే నాలుగంగుళాల పైపుకు అయిదడుగులకు అంగుళం చొప్పున వాలు ఇప్పించాము. స్నానాల నీళ్ళను మళ్ళీ అరటిచెట్టుకే అప్పగించాము.

సెప్టిక్ ట్యాంకు మురుగును శుద్ధి చేయదు, మడ్డిని అడుగుకు దించుతుంది, అంతే. బయటికి వచ్చే నీటిలో క్రిములు అలాగే ఉంటాయి. ఆ నీటిని మళ్ళీ బండలోకి ఇంకించితే కథ మొదటికి వస్తుంది. మేము ఇంటి వెనుక రెండడుగుల ఎత్తున మట్టీ ఇసుకా కంకరా పోసిన తొట్టిలోకి, కింద కాంక్రీటు వేసి, మళ్ళించి మెట్టతామర పెంచుతున్నాము. స్థలం ఉంది కనుక చేయగలిగాము. సెంటు స్థలంవాడు చేయలేడు. అతనికి వీధంతటికీ కలిపి మూసిన కాలువ, ఊరి చివర శుద్ధి మడుగు కావాలి. పంచాయతీవాళ్ళు వీధికి సిమెంటు రోడ్డు మూడుసార్లు వేశారు. ఒక్కసారి రోడ్డు కింద పైపు వేసి ఉంటే ఈ టపా అవసరం ఉండేది కాదు.

తాగడానికి వాననీరు పడుతున్నాము. కర్నూలు, కడప వైపు ఏడాదికి ఆరువందల యాభై మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన కురుస్తుంది. వెయ్యి చదరపుటడుగుల మిద్దెమీద అది అరవైవేల లీటర్లు. అయిదోవంతు వృథా పోయిందనుకున్నా నలభై ఎనిమిదివేలు. కరువుసీమ అని ఏడ్చే మనం ఆ నీటిని వీధి కాలువలోకి వదిలి, పక్కింటి మురుగును నాలుగువందల అడుగుల నుంచి కరెంటు పెట్టి తోడుకుంటున్నాము.

చేయలేకపోయినది కూడా చెబుతానన్నాను. తూర్పింటివారిని ఒప్పించలేకపోయాను. "మా గుంత నిండనే లేదు, దాన్ని యాల పగలగొట్టాల?" అని వారి ప్రశ్న. వాయవ్యం కదిపితే ఇంటికి అరిష్టమని వారికెవరో చెప్పారు. నాలుగేళ్ళ కిందటి దాకా నేను చెప్పిన మాటలే అవి, అందుచేత వారిమీద కోపం తెచ్చుకోలేను. పరీక్ష సీసా చూపించాను. చూశారు, ఏమీ అనలేదు. మా బోరును మాత్రం తాగడానికీ వంటకూ పూర్తిగా మానేశాము.

పోయిన ఎండాకాలంలో మా కొత్త ట్యాంకు నిండింది. మా వీధిలోకి ట్యాంకరు అలా నలుగురూ చూస్తుండగా రావడం అదే మొదటిసారి. ఎదురింటి పెద్దాయన అరుగుమీది నుంచి జాలిగా అడిగాడు: "ఏం నాయనా, మీ గుంత నిండిందంటనే?"

"నిండింది మామా" అన్నాను, కాస్త గర్వంగానే.

పడమటింటి అత్త తన బోరు దగ్గర నిలబడి మా మాటలు వింటోంది. ఆమె నవ్వలేదు. ఆ పిల్ల మరుసటేడు పరీక్షలు రాసి డిగ్రీలో చేరింది, కానీ ఆ పోయిన ఏడాదిని నేను ఏ ట్యాంకు కట్టి తిరిగి ఇవ్వగలను?

ఇంటిని పెంచబోయే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఎలివేషను బొమ్మలు చూసేముందు ఒక టేపు తీసుకుని బయటికి వెళ్ళండి. మీ గుంతనుంచి మీ బోరుకు కాదు, గోడ అవతలి బోరుకు కొలవండి. వచ్చిన అంకెను ఇక్కడ రాయండి. సిగ్గుపడనక్కరలేదు, నాది ఏడడుగులు.